మర్చిపోయింది మనసైతే సంజాయిషీ ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే స్తంభం చుట్టూ తిరుగుతున్నాయి. "నాకు తెలియకుండా నా మనసు చేసిన పనికి నేను జవాబు చెప్పాలా?" అని. ఊళ్లు వేరు, వయసులు వేరు, అడిగింది మాత్రం అదే. అందుకని నిద్రపట్టనివాళ్లని, చదవని పిల్లల తల్లుల్ని వచ్చే నెలకి వాయిదా వేశాను. కోపం తెచ్చుకోకండి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 51. బ్యాంకులో పనిచేస్తాను. తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్నగారి పేర ఇల్లు, ఎకరం ముప్పై సెంట్ల పొలం ఉన్నాయి. ఆయన పోయి రెండేళ్లయింది. చెల్లి వాటా చెల్లికి ఇచ్చేద్దామని ఎవరూ అడక్కముందే నేనే అన్నాను. పంపకాల దస్తావేజు రాయించాం. రిజిస్ట్రేషన్‌కి మూడుసార్లు స్లాట్ తీసుకున్నాం. మొదటిసారి ఆధార్ కార్డు ఇంట్లో మర్చిపోయి వెళ్లాను. రెండోసారి రైల్లో నిద్రపట్టేసి తెనాలి దాటిపోయి బాపట్లలో లేచాను. మూడోసారి అన్నీ ఉన్నాయి, నేనూ ఉన్నాను. లేఖరి వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాను. చూస్తే, నాన్నగారి పేరు రాశాను! రోజుకు వంద సంతకాలు చేసే చెయ్యి ఇది. కాగితాలు మళ్లీ మొదటి నుంచి రాయించాల్సి వచ్చింది. చెల్లి అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. "ఇష్టం లేకపోతే చెప్పు అన్నయ్యా, నాకొద్దు" అంది.

నాకు ఇష్టమే, ఒట్టు. అయినా ఒరిజినల్ ఆధార్ తేవాలని లేఖరి ముందు చెప్పనేలేదు. అయినా చెల్లికి ఇప్పుడు డబ్బు అవసరం ఏమీ లేదు, బావగారిది మంచి ఉద్యోగం. అయినా నేను ఇస్తానన్నాక రెండు నెలలు ఆలస్యమైతే కొంప మునిగిందేముంది?

మా అబ్బాయి ఫ్రాయిడ్ గురించి, అదే మనోవిశ్లేషణ మొదలుపెట్టిన డాక్టరు గురించి, ఏవో చదివాడు. "అది నువ్వు కాదు నాన్నా, నీ అన్‌కాన్షస్" అంటున్నాడు. అంటే అచేతనం, నాకే తెలియని నా లోపలి మనసట. అలాగైతే నా తప్పు కానట్టే కదా? తప్పు నాదే అంటే తెలిసి చేసినట్టే కదా? తెలిసి చేసినదాన్ని అచేతనం అని ఎలా అంటారు?

— ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ చివరి మూడు వాక్యాలూ మీకంటే ముందు ఒకాయన అడిగారు. 1943లో పారిస్‌లో ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ అచ్చువేసిన లావుపాటి తత్వశాస్త్ర పుస్తకంలో ఫ్రాయిడ్‌ని పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. మనసులో ఒక కాపలావాడున్నాడు, ఇబ్బందిపెట్టే కోరికల్ని పైకి రానివ్వడు అంటున్నారు కదా, ఏది ఆపాలో తెలియకుండా వాడు ఎలా ఆపుతాడు? తెలిసే ఆపుతుంటే "నాకేమీ తెలియదు" అనడం బుకాయింపు కాక మరేమిటి? దానికి ఆత్మవంచన అని పేరు పెట్టాడాయన. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను. ఈ ప్రశ్నకి మనోవిశ్లేషకులు ఇచ్చిన జవాబుల్లో ఏదీ నన్ను పూర్తిగా ఒప్పించలేదు. కాకపోతే క్లాసులో నేను ఒక సామెత చెప్పేదాన్ని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడే, వాడికి తెలుసా, తెలియదా? చేతికి తెలుసు. నోటికి ఇంకా తెలియదు. తెలియడం అనేది లైటు స్విచ్చి లాంటిదని సార్త్ర్ అనుకున్నాడని నా ఫిర్యాదు. మన ఇళ్లల్లో అది బుడ్డిదీపంలా కూడా ఉంటుంది.

ఇక ఫ్రాయిడ్ ఏమన్నాడో మీ అబ్బాయి సగమే చదివినట్టున్నాడు. మిగతా సగం చెప్పాలంటే ఒక కల దగ్గరికి వెళ్లాలి.

1895 జులై 23 రాత్రి. వియన్నా శివార్లలో బెల్వ్యూ అనే ఇల్లు. ఫ్రాయిడ్ దగ్గర అప్పట్లో ఒక యువతి వైద్యం చేయించుకుంటోంది. ఇర్మా అని మారుపేరు పెట్టాడు. ఇంట్లోవాళ్లకీ కావలసిన మనిషే. ఆరోజు స్నేహితుడైన ఓ డాక్టరు ఆమెను చూసివచ్చి, "ముందుకంటే నయమే, పూర్తిగా కోలుకోలేదు" అన్నాడు. అన్నది ఆ ఒక్క ముక్కే. ఫ్రాయిడ్‌కి అందులో నింద వినిపించింది. ఆ రాత్రే కూర్చుని ఆమె కేసంతా రాశాడు. తమలో పెద్ద డాక్టరుకి చూపించి, తన వైద్యంలో లోపం లేదనిపించుకోవాలని. అప్పుడు పడుకున్నాడు.

కలలో పెద్ద హాలు, అతిథులు. ఇర్మాని పక్కకు పిలిచి, "నీకింకా నొప్పులున్నాయంటే తప్పు నీదే" అంటాడు. తర్వాత ఆమె గొంతులోకి చూస్తే నిజంగానే ఏదో జబ్బు. చివరికి తేలేదేమిటంటే, ఆ స్నేహితుడే ఆమెకేదో ఇంజెక్షన్ ఇచ్చాడు, సిరంజి కూడా శుభ్రంగా ఉండి ఉండదు!

పొద్దున్నే లేచి తన కలకి తనే లెక్క తీశాడాయన. తప్పు ఇర్మాది, తాను చెప్పింది ఒప్పుకోలేదు కాబట్టి. కాదు, అది ఒంటి జబ్బు, తన శాఖే కాదు. కాదు, ఆమె వైధవ్యానిది. కాదు, స్నేహితుడి సూదిది. విడివిడిగా ప్రతి ఒక్కటీ బాగానే ఉంది. కలిపితే ఒకదానికొకటి పొసగవు. అక్కడ ఆయన ఒక హాస్యకథ గుర్తుచేసుకున్నాడు. ఒకడు పక్కింటివాడి దగ్గర కెటిల్ అరువు తెచ్చి చిల్లుపడ్డాక తిరిగిచ్చాడు. నిలదీస్తే, "నేను బాగున్నదే ఇచ్చాను. అయినా నేను తెచ్చేటప్పటికే దానికి చిల్లు ఉంది. అయినా నేను నీ దగ్గర కెటిలే తీసుకోలేదు" అన్నాడట.

ఇప్పుడు మీ ఉత్తరం రెండో పేరా ఇంకోసారి చదవండి. మూడు "అయినా"లు ఉన్నాయి. ఎర్ర పెన్నుతో గీతలు పెట్టాను, పాత అలవాటు.

మనసు మన చాటున నిర్ణయాలు తీసుకుంటుందని లోకానికి చెప్పిన మనిషి, తన కలల్లోంచి మొట్టమొదట పూర్తిగా విప్పి చూపించింది తానెలా బాధ్యత తప్పించుకోబోయాడన్న సంగతే. దాన్ని దాచుకోకుండా అచ్చు వేయించుకున్నాడు కూడా. ఫ్రాయిడ్ చెప్పినవాటిలో చాలావాటితో నాకు పేచీ ఉంది, ఆడవాళ్ల గురించి రాసినవి మరీను. ఈ ఒక్క పనికి మాత్రం దణ్ణం పెడతాను.

ముప్పై ఏళ్ల తర్వాత, 1925లో, ఒక చిన్న వ్యాసంలో సూటిగానే తేల్చేశాడు. కలలో వచ్చే చెడ్డ కోరికలకి నువ్వే బాధ్యుడివి, నీవి కాకపోతే అవి ఇంకెవరివి అన్నాడు. నాకు తెలియనిది, నేను అణిచిపెట్టింది "నేను కాదు" అంటే కుదరదు. అది నాలో ఊరికే పడి ఉండదు, నాలోంచి పని కూడా చేస్తుంది. చట్టం కోసం బాధ్యతకి ఒక హద్దు గీసుకోవాలంటే ఆ పని లాయర్లు చూసుకుంటారు, డాక్టరుకి దానితో పనిలేదు అన్నాడు. మీ అబ్బాయితో చెప్పండి: "అది నువ్వు కాదు నాన్నా" అన్న మాట ఫ్రాయిడ్ ఖాతాలో వేయకూడదు.

అలాగని మీరు దొంగ అని కాదు నేనంటున్నది. మీ పెరట్లో కొబ్బరిచెట్టు గాలికి పక్కింటి గోడ మీద పడిందనుకోండి. "మీరే నరికారా?" అని ఎవరూ అడగరు. చెట్టు మీది కాబట్టి గోడ మీరు కట్టిస్తారు. "గాలి వేసింది, నేను నిద్రపోతున్నాను" అన్నది నిజమే కావచ్చు, గోడ అలాగే పడి ఉంటుంది. అహం, అంటే మనలో "నేను" అనుకునేది, తన ఇంట్లో తాను యజమాని కాదని ఫ్రాయిడే 1917లో రాశాడు. కాకపోయినా ఇంటిపన్ను నోటీసు వచ్చేది దాని పేరుకే.

ఆధార్ కార్డు అందరూ మర్చిపోతారు. రైల్లో నిద్ర అందరికీ వస్తుంది. ఆ సంతకం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. నాన్నగారి పేరు మీ చేత్తో ఎందుకు పడిందో నేను చెప్పను. మనిషిని కూర్చోబెట్టి వినకుండా ఇదీ నీ అచేతనం అని తేల్చేయడాన్ని ఫ్రాయిడ్ 1910లోనే అడ్డగోలు విశ్లేషణ అని తిట్టాడు. ఉత్తరం చూసి చెప్పడం దానికంటే అడ్డగోలు. నాన్నగారు ఉండగా ఆ కాగితాల మీద ఎవరి సంతకం ఉండేదో, ఆ కలం మీ చేతికి వచ్చినప్పుడు ఎలా అనిపించిందో మీరే ఓ రాత్రి కూర్చుని తలుచుకోండి. ఆడపిల్లకి వాటా అనేది తండ్రి స్వార్జితంలో 1956 నుంచీ ఉంది. ఉమ్మడి ఆస్తిలో మన రాష్ట్రంలో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి. అవన్నీ మీకు తెలుసు, బ్యాంకువారు. లోపలి మనసు గెజిట్ చదవదు.

నా సంగతి ఒకటి చెప్పి వదిలేస్తాను. 1994లో నా స్టూడెంట్ ఒకమ్మాయి ఉత్తరాదిలో పై చదువుకి దరఖాస్తు పెట్టుకుంది. సిఫారసు ఉత్తరం నేను రాయాలి. రాశాను. చాలా బాగా రాశాను. కవరు అంటించి, నేనే పోస్టు చేస్తానని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. గడువు దాటిన పన్నెండు రోజులకి జిప్పు అరలో కనిపించింది, రెండు బస్సు టిక్కెట్లకీ ఒక కుంకుమ పొట్లానికీ మధ్య. ఆ అర రోజూ తెరిచేదాన్ని, చిల్లర ఉండేది అందులోనే. ఆ అమ్మాయితో "దారిలో ఎక్కడో పోయుంటుందమ్మా" అన్నాను. ఆ అబద్ధం మాత్రం పూర్తి మెలకువలోనే ఆడాను. 1971లో నాకూ అలాంటి చోటే సీటు వచ్చింది. "ఆడపిల్ల అంత దూరమా" అని మా నాన్నగారు సర్దిన ట్రంకుపెట్టెని మళ్లీ అటక ఎక్కించారు. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. 2005లో ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి చెప్పాను. కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, "తెలుసు మేడమ్. చిల్లర తీస్తుంటే కవరు కనపడింది ఓసారి. అడుగుదామనుకున్నాను, భయమేసింది" అంది.

మీరు నాలుగో స్లాట్ తీసుకోండి. దానికి ముందు ఓ సాయంత్రం చెల్లెలింటికి వెళ్లి, "ఇవ్వాలని ఉందమ్మా. లోపల ఎక్కడో ఇవ్వకూడదనీ ఉన్నట్టుంది. అదెందుకో నాకే సరిగ్గా తెలియదు" అనండి. బావగారు లేనప్పుడు అయితే నయం. పాడైన కాగితాల ఖర్చు ఎవరు పెట్టుకున్నారో మీరు రాయలేదు. చెల్లెలితో సగం పెట్టించి ఉంటే ఆ డబ్బు తిరిగిచ్చేయండి.

ప్రశ్న: అమ్మా, మా అత్తగారు చనిపోయినట్టు నాకు నెలలో మూడుసార్లు కల వచ్చింది. కలలో నేను ఏడవడం లేదు, వంటింట్లో డబ్బాలు సర్దుతున్నాను. ఆమె బతికే ఉన్నారు, నాతో మంచిగానే ఉంటారు. పొద్దున్నే ఆమెకు చాయ్ ఇస్తుంటే చెయ్యి వణుకుతోంది. నేను పాపిష్టిదాన్నా?

— ఓ పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: కాదు తల్లీ. చాయ్ ఇస్తున్నావు కదా.

కలల మీద 1900లో వచ్చిన పుస్తకంలో ఫ్రాయిడ్ ఒక రోమన్ చక్రవర్తి కథ చెబుతాడు. చక్రవర్తిని చంపినట్టు కలగన్నానని ఒకడు చెబితే, వాడికి మరణశిక్ష వేయించాడట ఆ చక్రవర్తి. అది తప్పంటాడు ఫ్రాయిడ్. చెడ్డవాడు చేసేదాన్ని మంచివాడు కలగని ఊరుకుంటాడన్న ప్లేటో మాటని అక్కడ తలుచుకుంటాడు. పైన విజయవాడ ఆయనకి చెప్పిన 1925 మాటకి ఇది ఎదురు కదా అని నువ్వు అడగొచ్చు. ఎదురేం లేదు. కల నీదే, శిక్ష మాత్రం లేదు.

నా దృష్టి ఆ డబ్బాల మీద నిలిచింది. నీకు ఆమె చావు కావాలో, ఆ వంటింట్లో ఉప్పు ఎక్కడుండాలో నిర్ణయించే హక్కు కావాలో చూసుకో. రెండోదైతే ఎవరినీ చంపక్కర్లేదు. ఒక అర ఖాళీ చేసి ఇవ్వమని అడుగు, చాలు.

ప్రశ్న: నేను వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాను, సైకాలజీ ఒక సబ్జెక్ట్. మనం నిర్ణయం తీసుకోకముందే మెదడు తీసేసుకుంటుందని ప్రయోగాల్లో తేలిందని మా సీనియర్ చెప్పాడు. అంటే ఫ్రాయిడ్ చెప్పింది రుజువైనట్టే కదా మేడమ్? హత్య చేసినవాడు కూడా "నా మెదడు చేసింది, నేను కాదు" అనొచ్చా?

జవాబు: మీ సీనియర్ చెబుతున్నది బెంజమిన్ లిబెట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసి 1983లో ప్రకటించిన ప్రయోగం. మనిషిని ఒక గడియారం లాంటి తెర ముందు కూర్చోబెట్టారు. దాని మీద ఒక చుక్క 2.56 సెకన్లకి ఒక చుట్టు తిరుగుతుంది. నీ ఇష్టం వచ్చినప్పుడు చెయ్యి కదుపు, కదపాలని నీకు అనిపించిన క్షణంలో చుక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుని చెప్పు అన్నారు. తల మీద తీగలు పెట్టి మెదడులో విద్యుత్తు కొలిచారు. చెయ్యి కదలడానికి అర సెకను ముందే మెదడులో సన్నాహం మొదలైంది. మనిషికి "కదుపుదాం" అనిపించింది మాత్రం ఓ 0.2 సెకను ముందు. 2008లో జర్మనీలో ఇంకో బృందం స్కానింగుతో చూసి, ఎడమ బటనా కుడి బటనా అన్నది ఏడెనిమిది సెకన్ల ముందే కొంతవరకు ఊహించగలిగింది. ఎంతవరకు? వందకి అరవై సార్లు. బొమ్మాబొరుసూ వేసినా యాభై వస్తాయి కదా, ఆ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. 2012లో మరికొందరు ఆ "సన్నాహం" అనేది నిర్ణయమే కాకపోవచ్చు, మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు ఒక గట్టు దాటడం కావచ్చన్నారు.

ఫ్రాయిడ్‌కి దీనితో పెద్ద చుట్టరికం లేదు. ఎందుకో చూడు. ఆ ప్రయోగంలో చెయ్యి ఎప్పుడు కదిపినా ఒకటే, కారణం ఉండకూడదు, అదే నియమం. ఫ్రాయిడ్ అచేతనంలో ఉన్నదంతా కారణాలే. పైన విజయవాడ ఆయన తన నాన్నగారి పేరు సంతకం చేయడానికి ముందు ఆయన మెదడులో అర సెకను ఏం జరిగిందో కొలిచినా, ఆ పేరే ఎందుకన్నది ఏ తీగా చెప్పదు.

లిబెట్ కూడా బాధ్యతని ఎత్తేయలేదు. సన్నాహం తెలియకుండా మొదలైనా, ఆ చివరి క్షణంలో "వద్దు" అని ఆపే వీలు మనిషికి ఉంటుందన్నాడు. హత్య సంగతంటావా, కోర్టు అడిగే ప్రశ్న వేరు. పాత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 22వది. మతిస్థిమితం లేక, తాను చేస్తున్నది ఏమిటో, అది తప్పో కాదో గ్రహించలేని స్థితిలో ఆ సమయాన ఉన్నాడా అనే చూస్తారు. "నా మెదడు చేసింది" అంటే జడ్జి గారు ఆ మెదడునే జైలుకి పంపుతారు, నువ్వు కూడా వెంట వెళ్లాలి.

పరీక్షలో ఈ జోకు రాయకు.

ప్రశ్న: ఆంటీ, నాకు 31. న్యూజెర్సీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది గుంటూరు జిల్లా. థీసిస్ అంతా అయిపోయింది, ఆఖరి చాప్టరు మాత్రం రెండున్నరేళ్లుగా అలాగే ఉంది. కూర్చోగానే తలనొప్పి. లాప్‌టాప్ మార్చాను, గది మార్చాను, యాప్‌లు పెట్టుకున్నాను. డాక్టర్లు కళ్లు, తల అన్నీ బాగున్నాయన్నారు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "నీ చదువు అయితే అత్తయ్యకి మాట ఇచ్చేస్తాం, పిల్ల ఎదురుచూస్తోంది" అంటుంది. ఇక్కడ నాకొక ఫ్రెండ్ ఉంది, తమిళమ్మాయి, అది వేరే విషయం. ఈ బద్ధకం ఎలా పోతుంది?

జవాబు: "అది వేరే విషయం" అన్న చోట కూడా ఎర్ర గీత పెట్టాను బాబూ.

1907 అక్టోబరులో ఫ్రాయిడ్ దగ్గరికి ఒక కుర్ర లాయరు వచ్చాడు. రెండేళ్ల తర్వాత ఆయన కథ అచ్చయింది, ఎలుకల మనిషి అనే పేరుతో విశ్లేషకులందరికీ తెలుసు. ఆయన ఒక అమ్మాయిని ప్రేమించాడు, ఆమెకి డబ్బు లేదు. ఇంట్లో తల్లి మాత్రం బాగా కలిగిన చుట్టాల పిల్లని ఇస్తామంటున్నారని, చదువు పూర్తికాగానే ముహూర్తమని చెప్పింది. అంతే, ఆయనకి జబ్బు చేసింది. చదువు మీద కూర్చోలేకపోయాడు. పరీక్షలు ఏళ్ల తరబడి వెనక్కి పోయాయి. అందరూ జబ్బు వల్ల చదువు ఆగిందనుకున్నారు. ఫ్రాయిడ్ తిరగేసి చూశాడు. జబ్బు వల్ల జరిగినట్టు కనబడుతున్నదే జబ్బు తెచ్చుకోవడానికి కారణం అన్నాడు. చదువు కాకపోతే పెళ్లి కాదు. ఎవరికీ "వద్దు" అని చెప్పక్కర్లేదు.

ఆ కథలో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక రాయి. ప్రేమించిన అమ్మాయి బండి ఆ దారిన వస్తుంది, చక్రానికి తగులుతుందేమోనని రోడ్డు మీది రాయిని తీసి పక్కన పెట్టాడాయన. ఇరవై నిమిషాలకి, ఏమిటీ పిచ్చి అనిపించి, వెనక్కి వెళ్లి ఆ రాయిని మళ్లీ రోడ్డు మధ్యలో పెట్టాడు. ప్రేమ ఒక చేత్తో తీసింది, కోపం ఇంకో చేత్తో పెట్టింది. నువ్వు రాసిన చాప్టరు నువ్వే చెరిపేస్తున్నావా? ఎన్నిసార్లు?

కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే డాక్టరు ఉండేవారు. మన దేశంలో మనోవిశ్లేషణ సంఘం పెట్టింది ఆయనే, 1922లో. ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపారు, ఒప్పుకోని చోట ఒప్పుకోనని చెప్పారు. ప్రతి కోరిక పక్కనా దానికి సరిగ్గా ఎదురైన కోరిక జంటగా ఉంటుందనీ, రెండూ ఒకేసారి పైకి రాలేవు కాబట్టే ఒకటి అడుగున ఉండిపోతుందనీ ఆయన వాదం. నీ విషయంలో కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యలో నోరు తెరుచుకుని రెండున్నరేళ్లుగా ఉన్నది నువ్వు. నీ పక్కన ఇంకో ఇద్దరు కూడా వేచి ఉన్నారు, మీ మేనత్త కూతురూ ఆ తమిళమ్మాయీ. వాళ్లకి తలనొప్పి వచ్చిందో లేదో నువ్వు రాయలేదు.

చిన్న విషయాల్లో లాభనష్టాలు లెక్కవేసుకోవాలి గానీ, పెళ్లి, వృత్తి లాంటి పెద్దవాటిలో నిర్ణయం లోపలి నుంచి రావాలని ఫ్రాయిడ్ తనతో అన్నాడని శిష్యుడు థియొడోర్ రైక్ రాసుకున్నాడు. ఈ మాటని పట్టుకుని చాలామంది అనర్థాలు తెచ్చుకున్నారు, అందుకని జాగ్రత్తగా చెబుతున్నా. నీ లోపలి నుంచి నిర్ణయం వచ్చి రెండున్నరేళ్లయింది. పైనున్న నువ్వు దాన్ని మీ అమ్మకి ఫోన్‌లో చెప్పలేదు, తలనొప్పి చేత చెప్పిస్తున్నావు. నా అంచనా తప్పే కావచ్చు, అడ్డగోలు విశ్లేషణ అని నన్ను నేనే ఇప్పుడే తిట్టుకున్నాను. పరీక్షించుకోవడం తేలిక. ముందు మీ అమ్మతో మాట్లాడు, తర్వాత చాప్టరు తెరువు. తలనొప్పి అప్పుడూ వస్తే నాకు మళ్లీ రాయి, నిజంగా బద్ధకం సంగతి చూద్దాం. ఒక మాట, ఆ ఫోన్ ఆదివారం పొద్దున్న చేయకు. పొలం నుంచి మీ నాన్న వచ్చే వేళ చెయ్యి, ఇద్దరూ వింటారు.

ప్రశ్న: మీ కాలమ్‌కి రాయాలని ఏడాది నుంచి అనుకుంటున్నాను. ఒకసారి రాసి పోస్టు చేయడం మర్చిపోయాను. రెండోసారి అడ్రసు రాయకుండా డబ్బాలో వేశాను. దీనికేమైనా అర్థం ఉందా, లేక ఊరికే మతిమరుపా?

— ఓ పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఫ్రాయిడ్ శిష్యుడు ఎర్నెస్ట్ జోన్స్ కూడా ఒక ఉత్తరాన్ని ఇలాగే కొన్నాళ్లు బల్లమీద ఉంచేశాడు. ఆఖరికి వేస్తే అడ్రసు లేదని తిరిగొచ్చింది. అడ్రసు రాసి మళ్లీ వేస్తే ఈసారి స్టాంపు లేదు. అప్పుడు ఒప్పుకున్నాడట, అసలు ఆ ఉత్తరం పంపడం తనకి ఇష్టం లేదని.

మీరు అసలు అడగాలనుకున్నది ఇంకేదో ఉందని నా అనుమానం. అది కూడా రాయండి. ఈ ఉత్తరం మాత్రం నాకు చేరింది. స్టాంపు లేదు. పోస్ట్‌మాన్‌కి డబ్బు కట్టి తీసుకున్నాను.